రేడియేటర్ నీళ్ళ రుచి

మా ఆయన నాగమల్లేశ్వరరావు ఏ కారు బానెట్ ఎత్తినా ముందు ఇంజను వంక చూసేవారు కాదు. రేడియేటర్ మూత తిప్పి, అందులో వేలు ముంచి, ఆ వేలు నాలిక మీద పెట్టుకునేవారు. తెనాలిలో అంబాసిడర్లు బాగుచేసేవాళ్ళు అప్పట్లో పదిమంది దాకా ఉండేవాళ్ళు. బండి నీళ్ళు రుచి చూసే మనిషి మాత్రం ఈయన ఒక్కరే. కొత్తగా వచ్చినవాళ్ళు మొహం చిట్లించుకునేవాళ్ళు. పాతవాళ్ళు, "మల్లేశ్వర్రావు మేస్త్రి తీర్థం పుచ్చుకుంటన్నాడు, ఆగండి" అని వెక్కిరించేవాళ్ళు.

"డాక్టరు నాడి పట్టుకుంటే ఎవరూ నవ్వరు. నేను నీళ్ళు చూస్తే మీకు నవ్వులాటా?" అనేవారు ఈయన. ఆయనా నవ్వుతూనే అనేవారు.

మా షెడ్డు చినరావూరు వెళ్ళే దారిలో ఉండేది. మధ్యాహ్నం నేను క్యారేజి తీసుకువెళ్ళి ఆయన తినేదాకా అక్కడే కూర్చునేదాన్ని. చదువుకున్నది ఐదో తరగతే అయినా, అలా పదిహేనేళ్ళు కూర్చుంటే ఇంజను గురించి కొంత నాకూ పట్టుబడింది. నల్ల పొగ వస్తే గాలి అందటం లేదని, నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందని, తెల్ల పొగ ఆగకుండా వస్తే లోపలికి నీళ్ళు దిగాయని ఆయన చెబుతుంటే విన్నాను. పొద్దున్నే బండి కదిలించకముందే ఆయిల్ పుల్ల బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూడాలి. ఆయిల్ నల్లగా ఉంటే మార్చుకుంటే సరిపోతుంది. పాలు కలిసిన కాఫీలాగా ఉంటే ఆ బండిని ఇక కదిలించకూడదు. ఫ్యాను బెల్టు బొటనవేలితో నొక్కితే వేలి మందాన దిగాలి, అంతకన్నా దిగకూడదు. ఆయన షెడ్డులో చేసిన పనిలో సగం ఇలాంటిదే. పెద్ద పని పడకుండా చూడటమే పని అనేవారు.

ఆయనకు హస్తవాసి ఉందని పేరు. వైద్యుడికి అంటారే, అదే మాట. రేపల్లె నుంచి, బాపట్ల నుంచి, మధ్యలో ఉన్న మెకానిక్కులందరినీ దాటుకుని మా షెడ్డుకు వచ్చేవాళ్ళు. "మేస్త్రి చెయ్యి పడితే చాలు" అనేవాళ్ళు. పనితనం నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది. హస్తవాసి అలా కాదు, అది పదిమంది అనాలి. పదిమంది అంటేనే ఉంటుంది. అనడం మానేస్తే పోతుంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మాకు పిల్లలు లేరు. మా తమ్ముడు యలమందను మేమే పెంచాం. అమ్మ పోయేనాటికి వాడికి ఎనిమిదేళ్ళు. ఈయన దగ్గరే స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. రెంచి పట్టమంటే మాత్రం పారిపోయేవాడు. వాడికి చేతులకు గ్రీజు అంటకూడదు, తల చెదరకూడదు. "వీడు నడిపే మనిషే గానీ విప్పే మనిషి కాదు" అని ఈయనే బాపట్లలో పాండురంగారావు మాస్టారి దగ్గర డ్రైవరుగా పెట్టించారు.

పాండురంగారావు గారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. వాళ్ళ సొంతూరు సముద్రం పక్కన అడవులదీవి. అక్కడ పొలాన్ని రొయ్యల చెరువు చేశారు. ఊళ్ళో వాళ్ళ అమ్మ కామేశ్వరమ్మగారు ఒక్కరే ఉండేవారు. మాస్టారు స్కూలు వదిలి వెళ్ళలేరు కనుక రొయ్యల మేతకీ, మందులకీ, మనుషుల్ని తిప్పడానికీ యలమంద కారుతో సహా నెలల తరబడి అడవులదీవిలోనే ఉండేవాడు.

అది డీజిలు అంబాసిడరు. రెండువేల రెండు జనవరిలో దానికి బోరు పని వచ్చింది. అంటే ఇంజను లోపల పిస్టన్లు ఆడే గోడలు అరిగిపోయి, నీలం పొగ కక్కుతూ, ఎత్తు ఎక్కలేకపోయింది. ఇంజను దించి, లేతు దగ్గర ఆ గోడలు చెక్కించి, కొత్త పిస్టన్లు వేసి మళ్ళీ కూర్చోబెట్టాలి. ఈయన పద్దెనిమిది రోజులు చేశారు ఆ పని. చివరి రోజు నేను షెడ్డులోనే ఉన్నాను. మాస్టారు బెంచీ మీద కూర్చున్నారు. ఈయన చేతులు తుడుచుకుంటూ యలమందను పిలిచారు.

"ఒరే, విను. కొత్త పిస్టన్లు. రెండు నెలలు తొక్కమాకు. నలభై దాటనీకు."

"సరే బావా."

"పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తియ్యి. వేడి మీద తీశావంటే మొహం కాలుద్ది."

"తెలుసులే బావా."

"తెలిసినోడికే కాలుద్ది. ఈ బండి నీళ్ళ దారి నిండా తుప్పు ఉంది, కడిగాను. ఇంకా ఉంటది. నెలకోసారి కింద మర వదిలి నీళ్ళన్నీ తీసేసి కొత్తవి పొయ్యి. మంచినీళ్ళే పొయ్యాలి. ఏవి పడితే అవి కాదు."

మాస్టారు బెంచీ మీద నుంచి, "మంచినీళ్ళతో సరిపెడతావా మేస్త్రీ, పొద్దున్నే కాఫీ కూడా ఇమ్మంటావా బండికి?" అన్నారు.

"ఇస్తే మీకంటే ఎక్కువ పని చేస్తదండి" అన్నారు ఈయన. మాస్టారు కూడా నవ్వారు. వాళ్ళిద్దరి మధ్య అంత చనువు ఉండేది.

ఏప్రిల్లో ఒకరోజు యలమంద ఇంటికి వచ్చాడు. ఈయన షెడ్డులో ఉన్నారు. వాడికి అన్నం పెడుతుంటే అడవులదీవి మీద విసుక్కున్నాడు.

"స్నానం చేస్తే ఒళ్ళంతా జిడ్డక్కా. తల అట్టలు కడతంది. బోరు నీళ్ళు చూడ్డానికేమో అద్దంలాగా ఉంటయ్యి, నోట్లో పోస్తే ఉప్పు కషాయం. తాగే నీళ్ళేమో చెరువువి, పచ్చగా, పాచి వాసన. అవి కూడా ఎండాకాలం బిందెల లెక్క."

"మరి ఆవిడ ఒక్కతే ఎట్లా ఉంటుందిరా?"

"ఆవిడా? ఆవిడ పోలీసు. బండికి ఒక బిందె ఇవ్వండి మామ్మగారూ అని అడిగానా, 'మనుషులకే లేవు, బండికా? నీ మొహం ఈడ్చా' అని వెంటబడింది. సరేలెమ్మని బోరు నీళ్ళే కొట్టి పోశా. బోరు చేసిన బండికి బోరు నీళ్ళు, సరిపోలేదా అక్కా?"

నేను నవ్వాను. గోంగూర పచ్చడి ఇంకాస్త వేశాను. మెకానిక్కు పెళ్ళాన్ని, పదిహేనేళ్ళు ఆ షెడ్డులో కూర్చున్నదాన్ని. ఆ మాట చెవిన పడ్డప్పుడైనా నాకు వెలగలేదు. వాడు చెప్పిన తీరుకు నవ్వొచ్చింది, నవ్వి ఊరుకున్నాను. సాయంత్రం ఆయన వస్తే, "తమ్ముడు వచ్చి వెళ్ళాడు, చిక్కిపోయాడు" అని మాత్రం చెప్పాను.

వాడు ఈయన చెప్పింది చెప్పినట్టే చేశాడు. నెలకోసారి నీళ్ళు తీసేసి, అద్దంలాంటి ఉప్పునీళ్ళు నిండా పోశాడు. నాలుగుసార్లు.

మే నెలలో చెరుకుపల్లి దాటాక బండి ఆగిపోయింది. ట్రాక్టరుకు తాడు కట్టి తెనాలి లాక్కొచ్చారు. ఈయన ఆయిల్ పుల్ల బయటికి లాగితే కాఫీ రంగు. పైన ఉన్న హెడ్డు విప్పితే, దానికీ ఇంజనుకూ మధ్య ఉండే గ్యాస్కెట్టు తినేసినట్టు ఉంది. నీళ్ళు తిరిగే దారుల్లో తెల్లగా ఉప్పు పేరుకుని, పక్కనున్న గుండ్రటి రేకు మూతలు జల్లెడల్లాగా అయ్యాయి. పిస్టన్లు పట్టేశాయి. పద్దెనిమిది రోజుల పని నాలుగు నెలలకు బూడిద.

ఆరోజు ఆయన భోజనానికి ఇంటికే వచ్చారు. చేతిలో స్టీలు గ్లాసు. అందులో తుప్పురంగు నీళ్ళు.

"నాలిక మీద పెట్టుకో" అన్నారు.

"ఏంటండీ ఇది?"

"పెట్టుకో చెబుతా."

వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. చేదు, తుప్పు, వాటి కింద ఉప్పు. ఉప్పు కషాయం. వెంటనే యలమంద మాట గుర్తుకొచ్చింది. గ్లాసు కింద పెట్టాను. ఆయన నా మొహమే చూస్తున్నారు.

"నీకు తెలుసు" అన్నారు.

చెప్పాను. మామ్మగారి బిందె సంగతి, బోరు నీళ్ళ సంగతి, నేను నవ్వినదీ. ఆయన గ్లాసు తీసి కిటికీలో పెట్టారు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు అన్నారు. "మంచినీళ్ళన్నాను. ఇక్కడ మంచినీళ్ళంటే కొళాయి. అక్కడ మంచినీళ్ళంటే ప్రాణం. బండికి ఎవరిస్తారు? ఉప్పు లేని నీళ్ళు పొయ్యరా అనాల్సింది నేను."

ఇక్కడే నేను తప్పు చేశాను. యలమందకు పెనుమూడి సంబంధం కుదిరి పది రోజులైంది. రేపల్లె అవతల కృష్ణ ఒడ్డున మంచి కుటుంబం. పిల్ల తండ్రి వాడి చదువూ చూడలేదు, ఇల్లూ చూడలేదు. మాస్టారి దగ్గర నమ్మకంగా ఉన్నాడు, ఉద్యోగం లాంటిదే అని ఒప్పుకున్నాడు. ఇప్పుడు మాస్టారి ఇంజను వాడి చేత్తో పోయిందని తెలిస్తే డ్రైవరుగా ఉంచుకుంటారా? అక్కడి నుంచి తీసేస్తే పెనుమూడి వాళ్ళు పిల్లనిస్తారా?

"వాడి పేరు రానీకండి" అన్నాను.

"మరి ఇంజను ఎందుకు పోయిందని చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పండి. పెళ్ళయ్యేదాకా అయినా."

"నీ తమ్ముడి పెళ్ళి సరే. నా చెయ్యో?"

"మీ చేతికేమండీ. పదిహేనేళ్ళ పేరు. ఒక్క బండితో పోతుందా?"

ఈ మాట నేనే అన్నాను. ఎవరూ నా నోట్లో పెట్టలేదు. ఆయన అన్నం కలుపుకున్నారు, తినలేదు. చెయ్యి కడుక్కుని, "సరే. యలమందకు కూడా చెప్పమాకు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు, పెళ్ళిపీటల మీద వాగుతాడు" అన్నారు.

మర్నాడు మాస్టారు బాపట్ల నుంచి ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఇద్దరికీ అంబాసిడర్లే, ఇద్దరూ మా షెడ్డుకే వచ్చేవాళ్ళు. నేను క్యారేజితో వెళ్ళేసరికి విప్పిన ఇంజను ముందు నిలబడి ఉన్నారు.

"ఏంటి మేస్త్రీ ఇది? నాలుగు నెలలు ఆడలేదు."

"అవునండి."

"అవునండి ఏంటయ్యా? ఎందుకు పోయిందో చెప్పు. డ్రైవరు తొక్కాడా?"

"లేదండి. కుర్రాడి తప్పు కాదు."

"మరి ఎవరి తప్పు?"

ఈయన ఒక్కసారి నా వైపు చూశారు. అది కోపం కాదు. నేను ఇంకోమాట అంటానేమో అని చూసినట్టు చూశారు. నేను క్యారేజి మూత సర్దుకుంటూ తల దించుకున్నాను.

"నాదేనండి. గ్యాస్కెట్టు సరిగ్గా కూర్చోలేదు. మళ్ళీ చేసిస్తాను, నా ఖర్చే."

వెంట వచ్చినవాళ్ళలో ఒకాయన, "హస్తవాసి హస్తవాసి అంటే ఏంటో అనుకున్నాం" అన్నాడు. రెండో ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. తన బండి ఇంజను గురించి ఆలోచిస్తున్నాడని మొహంలో తెలిసిపోతోంది.

ఇంజను మళ్ళీ చేసిచ్చారు. ఈసారి యలమందకు ఒక్కమాటే చెప్పారు. "బండికి పోసే నీళ్ళు బాపట్ల నుంచి డబ్బాలో పట్టుకెళ్ళు. అక్కడివి పొయ్యమాకు." వాడు ఎందుకని అడగలేదు. సరే బావా అన్నాడు. శ్రావణంలో పెళ్ళయింది. పెళ్ళిలో మాస్టారు మొదటి వరసలో కూర్చున్నారు. ఆయన పక్కన కూర్చున్నాయన బండి గురించి ఏదో అడిగితే, "తెనాలి వెళ్ళమాకండి. ఆ మేస్త్రికి చెయ్యి పోయింది, తనే ఒప్పుకున్నాడు" అంటుంటే విన్నాను. మేస్త్రి ఆ పక్క పంక్తిలో సాంబారు వడ్డిస్తున్నారు.

లెక్కల మాస్టారి మాట కనుక జనం నమ్మారు. ఆయన అబద్ధం ఆడలేదు కూడా. ఎవరడిగినా ఈయన చెప్పిందే చెప్పారు. ముందు బాపట్ల బళ్ళు ఆగాయి. తర్వాత రేపల్లెవి. తెనాలి వాళ్ళు కొన్నాళ్ళు వచ్చారు, చిన్న పనులకు. బోరు పని మాత్రం మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. అంబాసిడర్లు తగ్గిపోయి చిన్న కొత్త కార్లు వచ్చాయి, అందుకే షెడ్డు పోయిందని మా బంధువులు అంటారు. అదీ నిజమే. కానీ చినరావూరు దారిలోనే మిగతా ఇద్దరు మెకానిక్కులు ఇంకో ఐదేళ్ళు ఆ పాత బళ్ళ మీదే బతికారు.

ఒకసారి షెడ్డు ముందు నుంచి ఒక పాత బండి దడదడమని వెళ్ళింది. ఈయన లేచి నిలబడి విన్నారు. "రెండో సిలిండరు. టాపెట్ గ్యాపు పెరిగింది. ఒక పావుగంట పని" అన్నారు. ఆ బండి ముందుకెళ్ళి వేరే షెడ్డు దగ్గర ఆగింది. ఆయన కూర్చున్నారు.

రెండువేల నాలుగులో షెడ్డు వదిలేసి దుగ్గిరాలలో ఒక ట్రాక్టర్ల షెడ్డులో పనికి చేరారు. పసుపు యార్డుకు వచ్చే ట్రాక్టర్లకు ఆయిల్ మార్చడం, గాలి ఫిల్టరు దులపడం, డీజిలు గొట్టంలో గాలి చిక్కుకుంటే తీయడం. ఆ షెడ్డు అతను వయసులో చిన్నవాడు, మర్యాద తెలిసినవాడే. కానీ ఇంజను విప్పే పని వస్తే, "మీకెందుకు బాబాయ్ శ్రమ" అని తనే విప్పేవాడు. ఎందుకంటాడో ఈయనకు తెలుసు. పెద్ద పని తగిలితే చేతులు ఊరుకోక దగ్గరకెళ్ళి నిలబడేవారట. "వెలుతురుకు అడ్డం బాబాయ్" అంటే పక్కకు జరిగేవారట. ఇది ఆయన చెప్పలేదు. ఆయన పోయాక అతనే ఏడుస్తూ చెప్పాడు.

నన్ను మాత్రం ఒక్కమాట అనలేదు. ఏ రోజూ అనలేదు. కూరలో ఉప్పెక్కువైతే కూడా ఆ మాట ఎత్తేవారు కాదు, గ్లాసు నీళ్ళు ఎక్కువ తాగి లేచేవారు. తిట్టి ఉంటే నేనూ ఎదురు చెప్పేదాన్ని. ఇద్దరం అరుచుకుని ఉంటే కొంతైనా తీరేదేమో. రెండుసార్లు నేనే, "ఇప్పుడు చెప్పేద్దామండీ, తమ్ముడి పెళ్ళయిపోయిందిగా" అన్నాను. "ఒప్పుకున్న తప్పును కాదంటే ఎవరు నమ్ముతారు? పని లేక కథలు చెబుతున్నాడంటారు" అన్నారు మొదటిసారి. రెండోసారి వినపడనట్టు ఊరుకున్నారు.

రెండువేల ఏడు కార్తీకంలో, దుగ్గిరాల షెడ్డులో ట్రాలీ కింద పడుకుని గ్రీజు కొడుతూ, అలాగే ఉండిపోయారు. గుండె అన్నారు. యాభై రెండేళ్ళు.

పదకొండో రోజు భోజనాల దగ్గర యలమంద అన్నీ తనే చూసుకున్నాడు. అప్పటికి వాడు మాస్టారి దగ్గర మానేసి రేపల్లెలో మామగారి సాయంతో రెండు కార్లు పెట్టి అద్దెకు తిప్పుతున్నాడు. వచ్చినవాళ్ళతో టెంటు కింద కూర్చుని మాట్లాడుతున్నాడు. నేను లోపల కిటికీ దగ్గర ఉన్నాను.

"మా బావ పని ముందు ఎవరూ ఆగేవాళ్ళు కాదు. కాకపోతే మాస్టారి బండి దగ్గర చెయ్యి తప్పింది. అప్పటినుంచి మనిషి దిగాలైపోయాడు. ఏం చేస్తాం, ఎంత పనోడికైనా ఒక టైము వచ్చుద్ది" అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. వాడు ఏడ్చింది నిజం. అందుకే నాకు ఇంకా మండింది.

నెల మాసికం పెట్టాక నేను ఒక నిర్ణయానికి వచ్చాను. మాస్టారి దగ్గరకు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఆయన నోటితో పోయిన పేరు ఆయన నోటితోనే రావాలి. ఏ పదిమంది దగ్గర అన్నారో వాళ్ళ దగ్గర, మల్లేశ్వరరావు తప్పు కాదు అని ఒక్కసారి అంటే చాలు. నాకింకేమీ అక్కర్లేదు. పొద్దున రైలుకు బాపట్ల వెళ్ళాను.

మాస్టారు రిటైరయ్యారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. కుర్చీ వేయించారు, కాఫీ ఇప్పించారు. నేను దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు వరసగా చెప్పాను. బోరు నీళ్ళు, గ్లాసు, నేను బతిమిలాడింది, అన్నీ. ఆయన మధ్యలో ఆపలేదు. చివరికి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"నాకు తెలుసమ్మా."

నాకు అర్థం కాలేదు.

"ఆ పెళ్ళయిన సంవత్సరమే తెలిసింది. రేడియేటర్ పూర్తిగా పోయి ఇక్కడ బాపట్లలో మార్పించాను. మార్చినతను పాతదాన్ని కోసి చూపించాడు, లోపలంతా ఉప్పు. అమ్మనడిగితే, 'అవున్రా, నేనే ఇవ్వలేదు. తాగే నీళ్ళు బండికి పోయిస్తానా' అంది. డ్రైవరుని అనడానికి ఏముంది? మా అమ్మ ఇవ్వకపోతే వాడేం చేస్తాడు?"

"మరి చెప్పలేదేమండీ ఎవరికీ?"

ఆయన కిటికీ వైపు చూశారు. "ఏమని చెప్పను? మా ఇంటి బిందె వల్ల పోయింది, మేస్త్రిని ఊరికే ఆడిపోసుకున్నానని చెప్పనా? చెబుదామనే అనుకున్నాను ఒకటి రెండుసార్లు. అతనే ఒప్పుకున్నాడు గదమ్మా. నలుగురి ముందు తన తప్పేనన్నాడు. ఒప్పుకున్న మనిషిని నేను కాదని ఎట్లా అంటాను?"

మా ఆయన ఒప్పుకున్నది నా మాట మీద. మాస్టారు ఆ మాట పట్టుకుని ఐదేళ్ళు హాయిగా కూర్చున్నారు. ఆయన్ని తిడదామంటే ఆ తిట్టు ముందు నాకే తగులుతుంది.

"ఇప్పుడైనా చెప్పండి" అన్నాను.

"చెబుతానమ్మా. ఎవరికి చెప్పమంటావు?"

ఆరోజు షెడ్డుకు వచ్చిన ఇద్దరినీ గుర్తు చేశాను. ఒకాయన పోయారట. రెండో ఆయన బండి అమ్మేసి కూతురి దగ్గరకు వెళ్ళిపోయారట. పెళ్ళిలో పక్కన కూర్చున్నాయన ఎవరో మాస్టారికే గుర్తు లేదు. ఇంకా ఎవరెవరికి చెప్పారో అంతకంటే గుర్తు లేదు. ఆయన నిజంగానే ఆలోచించారు, నుదురు రుద్దుకుంటూ. అప్పట్లో అంత తేలిగ్గా అనేసిన మాట, ఇప్పుడు వెనక్కి తీసుకుందామంటే ఎక్కడ ఉందో దొరకలేదు.

"పోనీ మీ తమ్ముడికి చెప్పనా?" అన్నారు.

"నేనే చెప్పుకుంటానండి" అని లేచాను. కాఫీ తాగలేదు.

తెనాలిలో దిగి ఇంటికి పోకుండా రేపల్లె రైలెక్కాను. ఒక్క మనిషికైనా తెలియాలి. నేను వెళ్ళేసరికి యలమంద ఇంటి ముందు కారు తుడుచుకుంటున్నాడు.

"ఏంటక్కా, చెప్పకుండా వచ్చావు? ఫోన్ చేస్తే నేనే బండి పంపేవాణ్ణిగా."

మెట్టు మీద కూర్చుని వాడికీ చెప్పాను. వాడు తుడవడం ఆపాడు. గుడ్డ భుజాన వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. అంతా విన్నాడు.

"నీళ్ళకే ఇంజను పోద్దా అక్కా?"

"పోతుందిరా. ఉప్పు తినేస్తుంది."

"ఆ ఊళ్ళో ఎంతమంది పొయ్యట్లా? అందరివీ పోయినయ్యా?"

"అందరూ నెలనెలా మార్చి పొయ్యలేదురా. నువ్వు మీ బావ చెప్పినట్టు నాలుగుసార్లు నింపావు."

వాడు తల ఊపాడు. ఒప్పుకుంటున్నాడేమో అనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని చాలా మెల్లగా, పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "బావ నీకట్లా చెప్పుంటాడక్కా. ఏ మగాడైనా ఇంట్లో ఆడాళ్ళ దగ్గర తన చెయ్యి పోయిందని చెప్పుకుంటాడా?"

"నేను రుచి చూశానురా ఆ నీళ్ళు."

"ఎన్నేళ్ళయింది? తుప్పు నీళ్ళు ఏవైనా అట్లాగే ఉంటయ్యి."

"మాస్టారే ఒప్పుకున్నాడురా ఇవాళ పొద్దున."

"నెల మాసికం పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంటే ఎవరైనా ఏమంటారక్కా? అవునమ్మా, నాకు తెలుసమ్మా అనే అంటారు. ఆయన మర్యాదస్తుడు." భుజం మీది గుడ్డ తీసి మడుస్తూ, "అయినా నా కోసం అంత పని చేస్తే నాకొక్క మాట చెప్పడా బావ? నన్ను కొడుకులా పెంచినోడు" అన్నాడు.

చెప్పవద్దన్నది ఎందుకో చెప్పాను. వాడి నోట్లో నువ్వుగింజ నానదని. వాడికి నవ్వొచ్చింది. "అదీ మా బావ" అన్నాడు. అంతకంటే ఇంకేమీ దిగలేదు వాడిలోకి. కారులో ముందు అద్దం దగ్గర ఆయన ఫొటో పెట్టుకున్నాడు, చిన్న దండ కూడా వేశాడు. అది చూపించి, "బావను నేనెప్పుడైనా తక్కువ చేశానా చెప్పు. లే, కాళ్ళు కడుక్కో, అన్నం తిందువుగాని" అన్నాడు.

మరదలు చేపల పులుసు వండింది. నాకు తినబుద్ధి కాలేదు. అయినా తిన్నాను. తమ్ముడి ఇంటికి వెళ్ళి అన్నం ముందు అలిగి లేచానని పెనుమూడి వాళ్ళ దాకా వెళ్ళడం ఎందుకు?

సాయంత్రం వాడే నన్ను కారులో స్టేషనుకు తీసుకువెళ్ళాడు. బయట అద్దె కార్ల దగ్గర తోటి డ్రైవరు ఒకతను కిటికీలోకి వంగి పలకరించాడు. నలభై ఏళ్ళు ఉంటాయి, అతని చేతికి కూడా గ్రీజు ఉంది.

"మా అక్క" అన్నాడు యలమంద. "మల్లేశ్వర్రావు మేస్త్రి గారి భార్య."

"ఏ మేస్త్రి?"

"తెనాలిలో. అంబాసిడర్లు చేసేవారు, చినరావూరు దారిలో."

అతను నా మొహం వైపు చూసి, మర్యాద కోసం కొంచెంసేపు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. ఆయన చెయ్యి మంచిదనీ వినలేదు, పోయిందనీ వినలేదు.

"రానూపోనూ టికెట్ తీసుకున్నావా అక్కా?" అన్నాడు యలమంద. తీసుకున్నానని చెప్పి దిగాను.